కాయిలా, గ్లాస్‌టాపా, ఇండక్షనా? ముందు మీ గిన్నెల అల్మరా తెరవండి

అమ్మ మొదటిసారి ఆరు నెలలకని అమెరికాకి, మేముండే షార్లెట్‌కి వచ్చినప్పుడు, వంటింట్లో స్టవ్ ముందు నిలబడి కిందికి వంగి చూసి "మంట ఎక్కడే?" అంది. నల్లటి గాజు పలక, దాని మీద నాలుగు గుండ్రటి గీతలు, అంతే. నాబ్ తిప్పాను. ఒక గీత లోపల ఎర్రగా అయింది. కాసేపటికి ఆ ఎరుపు పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. "పాడైనట్టుందే, ఊరికే ఆరిపోతోంది" అని కంగారు పడింది. పాడవలేదు, ఆ స్టవ్ తీరే అంత.

గ్యాస్ మీద వంట నేర్చుకున్నవాళ్ళకి ఎలక్ట్రిక్ రేంజ్‌తో, అంటే పైన పొయ్యిలు, కింద ఓవెన్ కలిసుండే కరెంటు స్టవ్‌తో వచ్చే ఇబ్బందులు దాదాపు అన్నీ ఇక్కడే మొదలవుతాయి. మంట కనపడదు కాబట్టి ఎంత వేడి ఉందో తెలీదు. పొయ్యి కట్టేశాక ఆ వేడి ఎంతసేపు ఉంటుందో అసలే తెలీదు. అమెరికాలో అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏ స్టవ్ ఉంటే దానితో సర్దుకుపోతాం. ఇల్లు కొన్నాకో, పాత స్టవ్ మూలపడ్డాకో షాపుకి వెళ్తే మాత్రం మూడు రకాలు ఎదురవుతాయి. చుట్ట చుట్టిన నల్లటి కడ్డీలతో కాయిల్, నున్నటి గాజు పలకతో గ్లాస్‌టాప్, చూడ్డానికి అచ్చం గ్లాస్‌టాప్‌లాగే ఉండి ధర మాత్రం ఎక్కువగా ఉండే ఇండక్షన్. మొదటి అపార్ట్‌మెంట్‌లో కాయిల్ మీద, ఈ ఇంటికి వచ్చాక గ్లాస్‌టాప్ మీద, ఇప్పుడు ఇండక్షన్ మీద వండుతున్నాను కాబట్టి మూడింటితోనూ తిట్లు తిన్నాను, తిట్టాను కూడా.

కింద ఓవెన్ మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే. ఎయిర్ ఫ్రై ఉంది, వైఫై ఉంది అని షాపులో చెప్పేవన్నీ పక్కన పెట్టండి. తేడా అంతా పైనే.

## షాపుకి వెళ్ళేముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు గిన్నెలు. రోజూ వాడేవన్నీ తీసి కౌంటర్ మీద పెట్టండి. సూట్‌కేసులో బట్టల మధ్య దాచి తెచ్చుకున్న కుక్కర్, ఇనప పెనం, మూకుడు, పాల గిన్నె, పోపు గరిటె, అన్నీ. ఒక్కోదాన్నీ బోర్లించి అడుగు చూడండి. చదునుగా ఉందా, గుండ్రంగా ఉందా, వాడీ వాడీ మధ్యలో ఉబ్బిందా? తర్వాత ఫ్రిజ్‌కి అంటించిన మాగ్నెట్ ఒకటి తీసి అడుగున పెట్టండి. గట్టిగా అతుక్కున్నవి ఒక పక్క, జారిపోయినవి ఇంకో పక్క. ఏ పక్క ఎక్కువున్నాయో చూస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

రెండోది, ఆ స్టవ్ దగ్గర ఎవరెవరు నిలబడతారు అన్నది. మీరొక్కరేనా? కౌంటర్ అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచే వయసు పిల్లలున్నారా? ఏడాదికోసారి అమ్మానాన్నో అత్తయ్యా మావయ్యో వస్తారా? "ఆపేసినా కాలుతుంది, చెయ్యి పెట్టకండి" అని రోజుకి పదిసార్లు చెప్పే ఓపిక మీకుంటే ఒక రకం, లేకపోతే ఇంకో రకం.

మూడోది గోడ వెనకుంది. రేంజ్ ఇక్కడి 120 వోల్టుల మామూలు ప్లగ్గుకి తగిలించేది కాదు. దానికి 240 వోల్టుల లైను, 40 లేదా 50 ఆంపియర్ల బ్రేకర్ కావాలి. పాత ఇళ్ళలో గోడకి మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, 1990ల చివరి నుంచి కట్టినవాటిలో మామూలుగా నాలుగు రంధ్రాలది. స్టవ్‌తో పాటు వైరు సాధారణంగా రాదు, విడిగా కొనాలి. అందుకే ముందే వెనక్కి టార్చి వేసి సాకెట్ ఫోటో తీసుకోండి. ఇప్పటిదాకా గ్యాస్ స్టవ్ ఉన్న ఇల్లయితే అక్కడ 240 వోల్టుల లైనే ఉండకపోవచ్చు. అప్పుడు ఎలక్ట్రీషియన్‌తో ప్యానెల్ నుంచి కొత్త లైను లాగించాలి. స్టవ్ ధర చూసి మురిసిపోయి ఈ ఖర్చు మర్చిపోయినవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు.

ఇక మీ వంట తీరు. రోజూ రెండు పోపులు, వారానికో వేపుడు, పండక్కి పాకం ఉండే ఇంటికీ, పాస్తా ఉడకబెట్టుకునే ఇంటికీ ఒకే స్టవ్ పనికిరాదు.

## కాయిల్

అందంగా ఉండదు. కానీ మూడింటిలో చవకైనది ఇదే, మొండిది కూడా ఇదే. ఇనప పెనాన్ని దబ్బున పెట్టినా ఏమీ కాదు. అల్యూమినియం కుక్కర్, ఇత్తడి గిన్నె, రాగి చెంబు, ఏదైనా వేడెక్కుతుంది. పుల్కా కాల్చే జాలీ పెట్టి దాని మీద పుల్కా పొంగించుకోవచ్చు, అప్పడం కాల్చుకోవచ్చు. మిగతా రెండింటి మీదా ఆ ముచ్చట లేదు.

బాగుచేసుకోవడం కూడా తేలికే. ఒక కాయిల్ వేడెక్కడం మానేస్తే, బ్రేకర్ ఆపి, చల్లారాక దాన్ని కొద్దిగా పైకెత్తి లాగితే ఊడి వస్తుంది. అదే సైజున్న ఇంకో కాయిల్‌ని అక్కడ పెట్టి చూడండి. అది వేడెక్కితే పాతది పోయినట్టు, కొత్తది కొని గుచ్చేస్తే సరి. అదీ వేడెక్కకపోతే లోపలి సాకెట్ కాలిందో, వైరో స్విచ్చో పోయిందో, మెకానిక్‌ని పిలవాలి. కాయిల్‌ని నీళ్ళలో నానబెట్టడం, డిష్‌వాషర్‌లో వేయడం వద్దు. దాని మీద పడినది దానికదే కాలిపోతుంది.

దీనితో అసలు తలనొప్పి కాయిల్ కింద ఉండే పళ్ళెం. పోపులోంచి ఎగిరిన ఆవాలు, పొంగిన పాలు, నూనె చుక్కలు అన్నీ అందులోకే చేరతాయి. నెలల తరబడి వదిలేస్తే ఆ జిడ్డు పొగ రావడం మొదలుపెట్టి, ఒకరోజు అంటుకుంటుంది కూడా. వారానికోసారి తీసి వేడినీళ్ళలో సబ్బు వేసి నానబెట్టండి. శుభ్రం చేసే పని తప్పించుకోవడానికి అందులో అల్యూమినియం ఫాయిల్ పరుస్తుంటారు, అది మాత్రం చేయకండి. గాలి ఆడదు, ఫాయిల్ కాయిల్ కొనలకి తగిలితే షాక్ కొట్టే ప్రమాదం కూడా ఉంది. స్టవ్ పై రేకు చాలా మోడళ్ళలో కారు బానెట్‌లా లేస్తుంది. దాని కింద ఏముందో ఒకసారి చూడండి. నేను మొదటి అపార్ట్‌మెంట్ ఖాళీ చేసేటప్పుడు చూశాను, రెండేళ్ళ శనగపప్పు కనిపించింది.

ఇంకో సంగతి షాపులో ఎవరూ చెప్పరు. 2019 నుంచి తయారవుతున్న కాయిల్ స్టవ్‌లకి మధ్యలో చిన్న గుండ్రటి సెన్సర్ ఉంటుంది. గిన్నె అడుగు మరీ వేడెక్కితే అది కరెంటు ఆపి మళ్ళీ ఇస్తుంది, నూనె అంటుకోకుండా. మంచి ఏర్పాటే. కానీ ఆ సెన్సర్‌కి గిన్నె అడుగు సరిగ్గా ఆనాలి. అడుగు ఉబ్బిన గిన్నెయినా, గుండ్రటి మూకుడైనా పెడితే అది తికమకపడి మాటిమాటికీ ఆపేస్తుంది. వేపుడు వేగకుండా ఉడుకుతుంది. "పాత కాయిల్ మీద బాగానే వేగేది, కొత్తది దండగ" అనేవాళ్ళ ఫిర్యాదు చాలావరకు ఇదే. గిన్నె మారిస్తే పోయే రోగం.

## గ్లాస్‌టాప్

అమెరికాలో కొత్త ఇళ్ళలో ఎక్కువగా కనపడేది ఇదే. గాజు పలక కింద తీగలు ఎర్రబడి, ఆ వేడి గాజులోంచి గిన్నెకి చేరుతుంది. గాజు మరీ వేడెక్కకుండా లోపలి స్విచ్ తీగల్ని ఆపి, మళ్ళీ వెలిగిస్తూ ఉంటుంది. అమ్మ చూసింది అదే.

తుడవడానికి దీని అంత సుఖం లేదు, తుడవాల్సింది తుడవాల్సిన సమయంలో తుడిస్తే. ఆ సమయం ఏదో నాకు ఒక సంక్రాంతికి తెలిసింది. అరిసెల పాకం పెట్టాను. ఉండపాకం వచ్చిందో లేదో పళ్ళెంలో నీళ్ళు పోసి చూసుకుంటున్నాను. అటు తిరిగేసరికి ఇటు బెల్లం పొంగి ఒక గరిటెడు గాజు మీద పడింది. గ్యాస్ స్టవ్ అలవాటు కదా, చల్లారాక తుడుద్దాంలే అనుకున్నాను. అదే తప్పు. చక్కెర, బెల్లం చల్లారేటప్పుడు గాజుకి పట్టేసి ముడుచుకుంటాయి, ముడుచుకుంటూ గాజు పొరని కూడా లాక్కుపోతాయి. మర్నాడు గీకితే బెల్లం వచ్చింది, దానితో పాటు చిన్న గాజు పెచ్చులూ వచ్చాయి. గోరు పెట్టి రాస్తే గుంటలు తగిలేవి. ఆ మచ్చ స్టవ్ ఉన్నన్నాళ్ళూ అలాగే ఉంది.

కాబట్టి పాకం, జామ్, కరిగిన ప్లాస్టిక్, ఫాయిల్ లాంటివి పడితే నియమం తిరగబడుతుంది. పొయ్యి కట్టేసి, గిన్నె పక్కకి తీసి, చేతికి మందపాటి ఓవెన్ గ్లవ్ వేసుకుని, ఇంకా వేడిగా ఉండగానే బ్లేడు గీకుడుకర్రని ఏటవాలుగా పట్టుకుని పక్కనున్న చల్లటి భాగంలోకి లాగేయాలి. మిగతా మరకలు, అంటే సాంబారు, పాలు, నూనె, పూర్తిగా చల్లారాక గ్లాస్‌టాప్ క్రీమ్‌తో, మెత్తటి గుడ్డతో. మాడి అంటుకుంటే వంటసోడా ముద్ద చేసి పూసి, పైన తడిగుడ్డ కప్పి పదిహేను నిమిషాలు ఆగండి. స్టీలు పీచు ముట్టుకోవద్దు.

గిన్నెల విషయంలో ఇది కాస్త సుకుమారం. ఇనప పెనం పెట్టొచ్చు, కానీ ఎత్తి పెట్టాలి, ఎత్తి తీయాలి. అట్టు వేస్తూ అటూ ఇటూ జరిపితే గీతలు పడతాయి. అల్యూమినియం కుక్కర్ అడుగు వెండిరంగు చారలు వదులుతుంది. వాటిని క్రీమ్‌తో వెంటనే పోగొట్టకపోతే మళ్ళీ మళ్ళీ కాలి స్థిరపడిపోతాయి. పెళ్ళి వంటంత పెద్ద గిన్నె పెట్టి నలుగురు స్నేహితుల కుటుంబాలకి బిర్యానీ చేసే అలవాటుంటే, గిన్నె పొయ్యి గీత దాటి చుట్టూ ఒక అంగుళానికి మించి బయటికి రాకుండా చూసుకోండి. వేడి కింద చిక్కుకుపోయి గాజు దెబ్బతింటుంది. గుండ్రటి మూకుడు నిలవడానికి ఇనప రింగు పెడతారు కొందరు, అదీ ఇంతే. పైన అల్మరాలో బరువైన సీసాలు పెట్టకండి. అదాటున పడితే గాజు పగులుతుంది. పగుళ్ళున్న గ్లాస్‌టాప్ మీద వండకూడదు. పొంగిన పులుసు ఆ సందులోంచి కరెంటు తీగల్లోకి దిగుతుంది. బ్రేకర్ ఆపి మెకానిక్‌ని పిలవడం తప్ప వేరే దారి లేదు.

ఇక కాలిన చేతుల సంగతి. కాయిల్ ఎర్రగా మండుతూ భయపెడుతుంది. గ్లాస్‌టాప్ కట్టేశాక నల్లగా, చల్లగా ఉన్నట్టు కనపడుతుంది. పక్కన చిన్న ఎర్ర లైటు మాత్రం వెలుగుతూ ఉంటుంది, "ఇంకా వేడిగా ఉంది" అని. ఆ లైటు ఆరేదాకా అది పొయ్యే, కౌంటర్ కాదు. మా అత్తయ్య ఒకసారి సరుకుల సంచీ అక్కడ దించారు. ప్లాస్టిక్ సంచీ అడుగు సాగి దారాలు దారాలుగా వచ్చింది. ఎంత చెప్పినా చదునుగా ఉన్న జాగా చూస్తే ఏదో ఒకటి పెట్టబుద్ధవుతుంది మనిషికి.

## ఇండక్షన్

ఇది పొయ్యిని వేడి చేయదు, గిన్నెని వేడి చేస్తుంది. గాజు కింద రాగి తీగ చుట్టలో కరెంటు సెకనుకి వేల సార్లు దిశ మారుతుంటే, ఆ అయస్కాంత ప్రభావానికి ఇనుము ఉన్న గిన్నె అడుగు తనంత తానే వేడెక్కుతుంది. ఖర్చయిన కరెంటులో దాదాపు 85 శాతం వంటకి చేరుతుంది. గ్లాస్‌టాప్‌లో 75–80 శాతం, గ్యాస్‌లో మూడో వంతు. అయితే కరెంటు బిల్లు తగ్గుతుందని మాత్రం దీన్ని కొనకండి. ఒక కుటుంబం వంటకి ఆ తేడా మరీ పెద్దది కాదు.

కొనాల్సింది వేరే కారణాలకి. పాలు పొంగు వస్తున్నప్పుడు తగ్గిస్తే ఆ క్షణమే పొంగు కిందికి దిగుతుంది, గ్యాస్‌లాగే. గిన్నె తీసేస్తే దానంతటదే ఆగిపోతుంది. గిన్నె నుంచి సోకిన వేడి వల్ల గాజు కాలుతుంది, అది నిజమే, కానీ గ్లాస్‌టాప్ అంత కాదు, అంతసేపూ ఉండదు. పొంగిన పాలు గాజు మీద మాడిపోవు. చాలావరకు గుడ్డతో తుడిస్తే పోతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో నాకు మనసు నిలకడగా ఉండేది దీనితోనే.

మరి ఇబ్బందులు? ఇందాక మాగ్నెట్ జారిపోయిన కుప్ప గుర్తుందా, అదంతా దీనికి పనికిరాదు. మామూలు అల్యూమినియం కుక్కర్, ఇత్తడి, రాగి, మట్టి కుండ, కొన్ని స్టీలు గిన్నెలు కూడా. స్టీలు కుక్కర్లలో అడుగున ఇండక్షన్ గుర్తు ఉన్నవి పనిచేస్తాయి. అల్యూమినియం గిన్నె కింద పెట్టుకునే ఇనప బిళ్ళలు అమ్ముతారు, వాటితో ఇండక్షన్ ఇచ్చే లాభమంతా పోతుంది, బిళ్ళ మితిమీరి వేడెక్కి గాజుకీ ముప్పే. వాటికి పెట్టే డబ్బుతో ఇంకో గిన్నె కొనుక్కోండి.

పోపు దీని మీద మళ్ళీ నేర్చుకోవాలి. గ్యాస్ మీద నూనె కాగేలోపు కరివేపాకు దూసుకుంటాం. ఇక్కడ పలచటి పోపు గిన్నెని పెద్ద నంబర్ మీద పెడితే కరివేపాకు రెమ్మ చేతిలో ఉండగానే నూనె పొగలొస్తుంది. అన్నీ ముందే పక్కన పెట్టుకుని, 5 దాటకుండా మొదలుపెట్టండి. బూస్ట్ అనే బటన్ నీళ్ళు మరిగించడానికి మాత్రమే అనుకోండి. ఖాళీ గిన్నె మీద, నూనె మీద అది వాడకూడదు. ఇనప పెనం ఇండక్షన్‌కి భలే కుదురుతుంది కానీ, ఒక్కసారిగా ఎక్కువ వేడి ఇస్తే మధ్య భాగం ముందు కాలి పెనం వంగే ప్రమాదం ఉంది. తక్కువలో ఐదు నిమిషాలు ఉంచి, తర్వాత పెంచితే అట్టు అంచులదాకా సమంగా కాలుతుంది.

కొన్ని గిన్నెల నుంచి తుమ్మెద రొదలాంటి చప్పుడు వస్తుంది, కింద ఫ్యాను తిరుగుతుంది. రెండూ మామూలే. ఇంట్లో ఎవరికైనా గుండెకి పేస్‌మేకర్ ఉంటే, ఇండక్షన్ నుంచి 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల దూరం పాటించాలని చెబుతారు. వంట చేసేవాళ్ళకే పేస్‌మేకర్ ఉంటే ఆ దూరం నుంచి కలపడం కుదరదు కాబట్టి కొనేముందు డాక్టర్‌ని అడగాల్సిందే.

ధర సుమారు వెయ్యి డాలర్ల దగ్గర మొదలవుతుంది. దానికి కొత్త గిన్నెల ఖర్చు కలపండి.

| చూడాల్సింది | కాయిల్ | గ్లాస్‌టాప్ | ఇండక్షన్ |
|---|---|---|---|
| ధర | అన్నిటికన్నా తక్కువ | మధ్యస్థం | ఎక్కువ, గిన్నెలు అదనం |
| అల్యూమినియం కుక్కర్ | సరే | సరే, చారలు పడతాయి | పనిచేయదు |
| ఇనప పెనం | నిక్షేపంగా | ఎత్తి పెట్టాలి | బాగుంటుంది, మెల్లగా కాగనివ్వాలి |
| గుండ్రటి మూకుడు | పాత రకాల మీద పర్వాలేదు | వద్దు | వద్దు |
| పుల్కా, అప్పడం నేరుగా కాల్చడం | అవుతుంది | కాదు | కాదు |
| కట్టేశాక వేడి | కొన్ని నిమిషాలు | చాలాసేపు, కంటికి తెలీదు | గిన్నె వేడి మాత్రమే |
| పాకం పొంగితే | కింది పళ్ళెం కడగాలి | వేడిగా ఉండగానే గీకాలి | వెంటనే గీకాలి |
| బాగుచేయడం | ఇంట్లోనే చాలావరకు | మెకానిక్ | మెకానిక్, ఖర్చెక్కువ |

వంకాయ పచ్చడికి వంకాయ కాల్చాలంటే మూడింటిలోనూ దారి ఒకటే, ఓవెన్‌లో బ్రాయిల్, అంటే పైనుంచి వచ్చే వేడితో కాల్చడం. ఫోర్కుతో నాలుగు గాట్లు పెట్టి, నూనె రాసి, పై అరలో ఉంచి మధ్యలో తిప్పుతూ ఉంటే తోలు నల్లబడుతుంది. గాట్లు పెట్టకపోతే పేలుతుంది.

## అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి

స్టవ్ మార్చే హక్కు మీకుండదు కాబట్టి, ఉన్న కాయిల్‌కో గ్లాస్‌టాప్‌కో తోడుగా ఒంటి పొయ్యి ఇండక్షన్ కొనుక్కోవచ్చు. 120 వోల్టుల మామూలు ప్లగ్గుకి తగిలేవి 1800 వాట్ల దాకా దొరుకుతాయి. పాలు, అన్నం, పోపు దాని మీద కానిస్తే పెద్ద స్టవ్ సగం రోజులు వెలిగించే పనుండదు. అదే లైను మీద మైక్రోవేవ్ కూడా నడిపితే బ్రేకర్ పడిపోతుంది. ఎక్స్‌టెన్షన్ కార్డు పెట్టకండి. ఇండియాలో వాడిన ఇండక్షన్ స్టవ్‌ని తెచ్చుకుందామనుకుంటే, అది 230 వోల్టులది, ఇక్కడి ప్లగ్గు మీద పనిచేయదు.

జాగా లేదని ఈ ఒంటి పొయ్యిని తీసుకెళ్ళి పెద్ద స్టవ్ మీదే పెట్టడం మన ఇళ్ళలో తరచూ చూస్తాను. నడుము తగిలి కింది నాబ్ తిరిగిందంటే పైన ఉన్నది కరిగిపోతుంది. కౌంటర్ మీద జాగా చేసుకోండి.

గ్లాస్‌టాప్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో దిగిన రోజే ఆ గాజుని దగ్గరగా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు పాత గీతలకని ఇంటివాళ్ళు మీ డిపాజిట్‌లోంచి డబ్బు కోసుకోకుండా ఉంటారు.

## నాబ్‌లు ముందా, వెనకా?

ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ నా లెక్కలో గాజు రంగు కన్నా, ఓవెన్ సైజు కన్నా పెద్దది. పాత పద్ధతి రేంజ్‌లకి నాబ్‌లు వెనక గోడవైపు ఉంటాయి. పిల్లలకి అందవు. కానీ మరుగుతున్న పులుసు మీదుగా చెయ్యి చాచాలి. చీర కొంగు, చున్నీ, వదులు చేతుల నైటీ సరిగ్గా ఆ పొయ్యి మీదుగానే వెళ్తాయి. ఎర్రటి కాయిల్ ఉన్న స్టవ్‌కి వెనక నాబ్‌లుంటే అమ్మలు వచ్చినప్పుడు కొంగు నడుముకి దోపుకోమని ఖచ్చితంగా చెప్పాలి.

కొత్త మోడళ్ళకి నాబ్‌లు ముందుంటాయి. చెయ్యి చాచే పని లేదు. అయితే పిల్లలకీ, ఎగిరే కుక్కలకీ, మన నడుముకీ అందుతాయి. 2024 ఆగస్టులో ఒక పెద్ద కంపెనీ ముందు నాబ్‌లున్న 11 లక్షలకు పైగా ఎలక్ట్రిక్ రేంజ్‌లకి రీకాల్ ప్రకటించి, నాబ్‌లకి తాళాలో మూతలో ఉచితంగా ఇస్తామంది. మనుషులో పెంపుడు జంతువులో పొరపాటున తగిలి పొయ్యి వెలగడం, మంటలు రావడం దానికి కారణం. మీ స్టవ్‌కి ముందు నాబ్‌లుంటే ఏ కంపెనీదైనా సరే, మోడల్ నంబర్‌తో రీకాల్ ఉందేమో చూసుకోండి. పిల్లలున్న ఇంటికి నొక్కి పట్టుకుంటేనే తిరిగే నాబ్‌లు, లేదా చైల్డ్ లాక్ ఉన్న టచ్ బటన్లు తీసుకోండి.

## ఎవరికి ఏది

బడ్జెట్ బిగువుగా ఉండి, ఇండియా గిన్నెలే అల్మరా నిండా ఉండి, స్టవ్ అందం గురించి పట్టించుకోనివాళ్ళకి నేను మొహమాటం లేకుండా కాయిలే చెబుతాను. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకి కూడా అదే.

రెండేళ్ళ పిల్లాడు ఇల్లంతా తిరుగుతుంటే, లేదా వయసు మళ్ళిన పెద్దవాళ్ళు మీతోనే ఉంటూ పొయ్యి ఆపడం అప్పుడప్పుడూ మర్చిపోతుంటే, గిన్నెలు మార్చే ఖర్చు భరించైనా ఇండక్షన్. టచ్ బటన్లు పెద్దవాళ్ళకి అర్థం కాక టెన్షన్ పడతారు, అందుకే నాబ్‌లున్న ఇండక్షన్ వెతకండి, దొరుకుతాయి. మా అమ్మ నాబ్ ఉన్న ఇండక్షన్ మీద రెండో రోజుకే పులిహోర చేసింది.

మరి గ్లాస్‌టాప్ ఎవరికి? నిజం చెప్పాలంటే, ఇంట్లో ముందే ఉంటే పీకేయాల్సిన పని లేదు, కొత్తగా కొనేవాళ్ళకి మాత్రం నాకు గట్టి కారణం కనపడదు. కాయిల్ మొండితనమూ లేదు, ఇండక్షన్ భద్రతా లేదు. పండగలకి పాకాలు పట్టని ఇల్లు, చదును అడుగు స్టీలు గిన్నెలు, ఇద్దరు మనుషులు, మధ్యరకం బడ్జెట్, అలాంటివాళ్ళకి సరిపోతుంది.

## ఏది కొన్నా

అమెరికాలో ఇళ్ళలో జరిగే అగ్నిప్రమాదాల్లో వంట వల్ల వచ్చేవే ఎక్కువ. గ్యాస్ కన్నా ఎలక్ట్రిక్ స్టవ్ ఉన్న ఇళ్ళలో ఆ ముప్పు ఎక్కువని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ నివేదికలు చెబుతున్నాయి. ఎందుకో ఇప్పటికే అర్థమై ఉంటుంది, మంట కనపడని పొయ్యిని మర్చిపోవడం తేలిక. వేయించేటప్పుడు ఫోన్ ఎత్తి హాల్లోకి నడవకండి. గారెలు వేస్తున్నప్పుడు మూకుడుకి సరిపడే మూత పక్కనే ఉండాలి. నూనె అంటుకుంటే మూత పక్కనుంచి జరిపి కప్పి, పొయ్యి ఆపేయాలి. నీళ్ళు పోయకూడదు, గిన్నె ఎత్తి బయటికి పరిగెత్తకూడదు. కాయిల్, గ్లాస్‌టాప్ అయితే ఆపాక కూడా కింద నుంచి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి మూత తీసి చూడాలన్న ఆత్రం వద్దు, పూర్తిగా చల్లారనివ్వండి. ఓవెన్‌లో మంట వస్తే ఆపేసి తలుపు మూసే ఉంచండి. మూడడుగుల దూరంలోపు పిల్లల్ని రానివ్వొద్దు. మసిగుడ్డ పొయ్యి అంచున ఆరేసే అలవాటు కూడా మానాలి.

పోపు పెట్టినప్పుడల్లా స్మోక్ అలారం మోగుతోందని దాని బ్యాటరీ పీకేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. తప్పు అలారంది కాదు. చాలా ఇళ్ళలో స్టవ్ పైన ఉన్న మైక్రోవేవ్ ఫ్యాను పొగని బయటికి పంపదు, వడగట్టి మళ్ళీ మన మొహం మీదకే వదులుతుంది. దాని కింద ఉన్న జాలీని నెలకోసారి వేడి సబ్బునీళ్ళలో నానబెట్టి కడగండి, కిటికీ తెరిచి పోపు పెట్టండి. కొత్త స్టవ్‌తో పాటు బయటికి గొట్టం ఉన్న హుడ్ పెట్టించుకోగలిగితే మన వంటకి అంతకన్నా మంచి ఖర్చు లేదు.

డెలివరీ వాళ్ళు స్టవ్ పెట్టి వెళ్ళేముందు ఓవెన్ తలుపు తెరిచి చూడండి. లోపల పుస్తకంతో పాటు ప్లాస్టిక్ సంచీలో చిన్న ఇనప బ్రాకెట్ ఉందా? అది స్టవ్ ముందుకు పడిపోకుండా గోడకో నేలకో బిగించాల్సిన యాంటీ టిప్ బ్రాకెట్. తెరిచిన ఓవెన్ తలుపు మీద పిల్లాడు ఎక్కితే చాలు, అది లేని స్టవ్ పైనున్న మరిగే సాంబారుతో సహా ముందుకు ఒరుగుతుంది. సంచీ విప్పకుండా ఉందంటే బిగించలేదన్నమాట, అప్పుడే బిగించమనండి. తర్వాత పొయ్యి మీద ఏమీ లేనప్పుడు స్టవ్ వెనక అంచు పట్టుకుని మెల్లగా ముందుకు వంచి చూడండి. కొంచెం కదలగానే పట్టేయాలి.

ఓవెన్‌లో సెల్ఫ్ క్లీన్ నొక్కేముందు లోపలి జాలీ అరలు, పళ్ళేలు అన్నీ తీసేయండి. తలుపు తాళం పడి లోపల 800 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. కిటికీలు తెరవండి, ఇంట్లో చిలకలుంటే ఆ పొగకి తట్టుకోలేవు, బయటికి పంపండి. పండగ ముందు రోజు మాత్రం ఆ పని పెట్టుకోకండి, అంత వేడికి లోపలి ఫ్యూజ్ పోయిందంటే పండగపూట ఓవెన్ ఉండదు.

ఇంకొకటి మన ఇళ్ళకే ప్రత్యేకం. ఓవెన్‌ని అల్మరాలా వాడతాం. ఖాళీగా ఉందని మూకుళ్ళు, ప్లాస్టిక్ మూతలు, అప్పడాల ప్యాకెట్లు అందులో దాస్తాం. చలికాలం ఇడ్లీ పిండి పులియడానికి, పెరుగు తోడుకోవడానికి ఓవెన్‌లో లైటు వేసి పెడతాం. మా ఆయన ఒక శనివారం పిజ్జాకని 450 డిగ్రీలకి ఓవెన్ వేసి స్నానానికి వెళ్ళాడు. లోపల రాత్రి తోడుపెట్టిన అరగ్యాలన్ పెరుగు, ప్లాస్టిక్ మూతతో సహా. ఇల్లంతా ఆ వాసన మూడు రోజులు పోలేదు. అప్పట్నుంచి పెరుగు పెట్టిన రాత్రి ఓవెన్ బటన్ల మీద ఒక పసుపు చీటీ అంటిస్తాను. "పెరుగుంది" అని రాసి ఉంటుంది.